వరంగల్ వ, విజయవాడ వ: ఇంగ్లిష్ ఉచ్చారణ నేర్పే తీరు

వరంగల్‌ను ఇంగ్లిష్‌లో డబ్ల్యూతో రాస్తాం, విజయవాడను వీతో. పలికేటప్పుడు మాత్రం రెండూ మన వ-నే. ఇంగ్లిష్‌లో ఇవి వేర్వేరు శబ్దాలు. అందుకే పశువుల డాక్టరు అనే ‘వెట్’, తడి అనే ‘వెట్’ మన పిల్లల నోట ఒకటైపోతాయి. హన్మకొండలోనో జమ్మికుంటలోనో స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పేవాళ్లు ముందు దీన్నే పట్టుకోవాలి.

నోటికన్నా ముందు చెవి. నోటికి కాగితం అడ్డం పెట్టుకుని (పెదవులకు తగిలితే శబ్దం మొద్దుబారుతుంది, కాస్త దూరంగా) ఆ రెండు మాటలనూ కలగాపులగంగా 10 సార్లు పలకండి. వీ అనిపిస్తే ఒక వేలు, డబ్ల్యూ అయితే రెండు వేళ్లు చూపాలి. పదింటికి 8 సరిగ్గా వచ్చేదాకా పలకమనొద్దు. తేడా వినబడని పిల్లాడితో వందసార్లు అనిపించినా పాత శబ్దమే గట్టిపడుతుంది.

తర్వాత చేతికి అద్దం ఇవ్వండి. వీ కోసం పై పళ్లు కింది పెదవి లోపలి అంచును తాకీ తాకనట్టు ఉండాలి. గొంతు కలిపి 3 సెకన్లు గాలి వదిలితే పెదవి జుమ్మంటుంది. చాలామంది పెదవిని కొరికేస్తారు, గాలి ఆగిపోయి బ లాగా వస్తుంది. డబ్ల్యూకు పళ్లతో పని లేదు. ‘ఉ’ అనబోయినట్టు పెదవులు గుండ్రంగా చుట్టి ‘ఎట్’లోకి జారాలి: ఉ-ఎట్, ఉఎట్. ఇది ఒంటబట్టగానే ఇంకో తప్పు మొదలవుతుంది, ‘వెరీ’కి కూడా పెదవులు చుట్టేస్తారు. అప్పుడు ‘వెరీ వెట్ వెదర్’ ఇవ్వండి. మొదటి మాటకు పళ్లు, తర్వాతి రెండింటికీ పెదవులు.

ఈ వ పిలవని పేరంటంలా కూడా వస్తుంది. ఓరుగల్లు అన్నప్పుడు ముందు సన్నగా వ, ఎనుమాముల అన్నప్పుడు య పలుకుతాయి. తెలుగులో ఎవరూ పట్టించుకోరు, ఇంగ్లిష్‌లో ‘ఓల్డ్’ కాస్తా ‘వోల్డ్’ అవుతుంది. ‘హోల్డ్’ అనిపిస్తూ హ-ను మెల్లగా తగ్గించుకుంటూ రండి, ‘ఓల్డ్’ శుభ్రంగా మిగులుతుంది. ‘హెన్’ నుంచి ‘ఎన్’ అక్షరం కూడా అంతే.

ఇక జెడ్. జొన్న అనేటప్పుడు నాలుక పళ్ల వెనక అంటుకుని విడుస్తుంది, ‘జూ’లో అసలు అంటుకోకూడదు. గొంతు మీద వేళ్లుంచి ‘స్‌స్‌స్’ అంటూ, ఆపకుండా గొంతు కలపమనండి. వేళ్లకు అదురు తెలియాలి. ఆ శబ్దాన్ని సాగదీయగలిగితే వచ్చినట్టే, సాగకపోతే నాలుక ఇంకా అంటుకుంటోంది.