ఇంట్లో అందరికీ షుగర్ ఉందా? మీ ముప్పు తగ్గించుకోవడం ఎలా?

"మా వంశంలోనే ఉంది, నాకూ రాక తప్పదు." షుగర్, గుండెజబ్బుల ప్రస్తావన వస్తే మా చుట్టాలందరిదీ ఇదే మాట. నేనూ అలాగే అనుకునేవాణ్ని. కానీ అమ్మానాన్నల నుంచి మనకు వచ్చేవి జన్యువులు ఒక్కటే కాదు, వాళ్ల వంటింటి అలవాట్లు కూడా. ఆ రెండోది మన చేతిలోనే ఉంది.

1. ఒక కాగితం మీద దగ్గరి బంధువుల పేర్లు, ఎవరికి ఏ జబ్బు ఏ వయసులో వచ్చిందో రాయండి. వయసు ముఖ్యం. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65లోపు గుండెపోటు వచ్చిందంటే మీకూ ముప్పు ఎక్కువే. ఆ కాగితం డాక్టరుకు చూపించండి.

2. నడుము కొలవండి. పక్కటెముకల చివరికీ తుంటి ఎముకకూ మధ్యలో, ఊపిరి వదిలాక టేపు పెట్టాలి. మన దేశంలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. సన్నగానే ఉన్నానని వదిలేయకండి. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ 2004లో తమ ఒంటి కొలతలు తామే బయటపెట్టారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! పొట్టలో పేరుకున్న కొవ్వు ఊరికే ఉండదు. ఐఎల్-6 లాంటి రసాయనాలను రక్తంలోకి వదులుతుంది. దాంతో కంటికి కనిపించని ఇన్‌ఫ్లమేషన్ (ఒంటి లోపలి వాపు) ఏళ్ల తరబడి సాగుతుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయదు, రక్తనాళాలు దెబ్బతింటాయి.

3. 30 దాటితే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. డాక్టరు హెచ్‌ఎస్-సీఆర్‌పీ (ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) రాస్తే, జలుబో జ్వరమో ఉన్నప్పుడు చేయించకండి. అంకె పెరిగి అనవసరంగా టెన్షన్.

4. అసలు పని పళ్లెంలో ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 2000 కేలరీల భోజనానికి చెప్పే లెక్క: ధాన్యాలు 250 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు. ఒకరోజు మా ఇంట్లో తూకం వేసి చూశాను. మనిషికి 150 గ్రాముల కూరగాయలు కూడా రాలేదు, మిగతాదంతా అన్నమే. ఇప్పుడు మేం ముందు కూర, పప్పు తింటాం, అన్నం ఆ తర్వాతే. అలా తింటే షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు. కూరల్లోని పీచును పేగుల్లోని సూక్ష్మజీవులు పులియబెడతాయి. అప్పుడు తయారయ్యే బ్యూటిరేట్ అనే పదార్థం ఇన్‌ఫ్లమేషన్‌ను అణచడానికి సాయపడుతుంది. ఒకసారి వేయించిన నూనెను మళ్లీ మళ్లీ కాచకండి.

తిండి జన్యువు మీద నిజంగా పనిచేస్తుందా అంటారా? స్పెయిన్‌లో ఏడు వేలమందికి పైగా పాల్గొన్న ప్రెడిమెడ్ పరిశోధన చూడండి. టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువులో షుగర్ ముప్పు పెంచే రకం తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చినవాళ్లకు, మామూలుగా కొవ్వు తగ్గించి తినమన్న గుంపులో, ఆ రకం లేనివాళ్లకన్నా పక్షవాతం ఎక్కువగా వచ్చింది. ఆలివ్ నూనె, గింజలు, కూరగాయలతో తిన్న గుంపులో ఆ తేడా కనిపించలేదు.

5. ఆన్‌లైన్‌లో అమ్మే జన్యు పరీక్షల కిట్లకు తొందరపడి వేలు పోయకండి. చాలామందికి మొదటి మెట్టులో రాసిన కాగితమే ఎక్కువ పనికొస్తుంది.

ఇప్పటికే షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతుంటే, డాక్టరుకు చెప్పకుండా అన్నం ఒక్కసారిగా తగ్గించకండి. షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి.