పాత వ్యాన్‌లో ముందు ఓనరు వేసిన అతుకులను విప్పడం ఎలా?

చేతులు మారుతూ వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2 వ్యాన్‌లో ముందుగా వెతకాల్సింది తుప్పు కాదు, టేపు చుట్టిన చోట్లు. తుప్పు పట్టిన రేకు ఇంకో నెల ఆగుతుంది. వదులైన పెట్రోలు పైపు ఆగదు. కాబట్టి ముందు నిప్పు అంటుకునేవి, తర్వాత బ్రేకులు, చివరికి రేకు.

1. పెట్రోలు పైపులు

ఇంజను గదిలో, పంపుకీ కార్బ్యురేటర్‌కీ మధ్య ప్లాస్టిక్ ఫిల్టర్ వేలాడుతుంటే వెంటనే తీసేయండి. కార్బ్యురేటర్‌లో పెట్రోలు వచ్చే ఇత్తడి గొట్టం నొక్కి దిగ్గొట్టిందే, దానికి మర ఉండదు. ఫిల్టర్ బరువుకి, ఇంజను అదురుకి అది మెల్లగా ఊడి వస్తుంది. పెట్రోలు కారేది వేడి ఇంజను మీద, పక్కనే ప్లగ్గులకు నిప్పురవ్వ కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్. ఫిల్టర్‌ను పంపుకి ముందు, ఇంజను గది బయట, ట్యాంకు వైపు పెట్టండి. ట్యాంకు నుంచి కార్బ్యురేటర్ వరకు రబ్బరు ముక్కలన్నీ ఒకేసారి మార్చాలి. ఎస్‌ఏఈ 30ఆర్9 (పెట్రోలు పైపుల ప్రమాణం) అని ముద్ర ఉన్న పైపు వాడండి. పైన గుడ్డ అల్లిక ఉన్నది అందంగానే ఉంటుంది గానీ లోపలి పగుళ్లు కనబడవు. ఇంజను గది రేకులోంచి పైపు వెళ్లే రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ (రేకు అంచు పైపును కోయకుండా ఆపే రింగు) తప్పనిసరి.

2. వైరింగ్

బ్యాటరీ నెగటివ్ తీశాక ఫ్యూజులు చూడండి. ఈ బళ్లలో తెల్లది 8 ఆంపియర్లు, ఎర్రది 16. ఫ్యూజు మీద వెండి కాగితం చుట్టి ఉంటే, ఆ సర్క్యూట్‌లో ఎక్కడో షార్ట్ ఉందని తెలిసీ కప్పిపెట్టారన్నమాట. కాగితం తీసి ఊరుకోకుండా ఆ వైరును చివరిదాకా వెతకండి.

మొత్తం వైరింగ్ ఒక్కసారి పీకేస్తే ఏది ఎక్కడిదో తెలియదు. ఒక సర్క్యూట్ విప్పి, ఫొటో తీసి, బాగుచేసి, వెలిగించి చూశాకే రెండోది. గోధుమరంగు వైరంటే ఎర్త్, అంటే బాడీకి కలిసేది. ముందువాళ్లు రంగు పట్టించుకోకుండా కలిపి ఉండవచ్చు, మీటరుతో సరిచూసుకోండి. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు కోసేసి, క్రింప్ చేసి (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి), వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవ్ వేయండి.

హెడ్‌లైట్లు మసకగా ఉంటే చాలామంది 100 వాట్ల బల్బులు పెట్టేస్తారు. 12 వోల్టుల మీద రెండు బల్బులకు దాదాపు 17 ఆంపియర్లు, పాత స్విచ్ కరిగిపోతుంది. అసలు తప్పు ఎక్కువగా ఎర్త్‌లో ఉంటుంది. బ్యాటరీ కలిపి లైట్లు వేసి, మీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది లైటు ఎర్త్ టెర్మినల్ మీద పెట్టండి. 0.2 వోల్టు దాటితే ఆ బోల్టు కింద పెయింటు గీకి మెరిసే ఇనుము తేల్చండి.

అయినా చాలకపోతే 60/55 వాట్ల (హై/లో) బల్బులు, రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు). రిలే మీది అంకెల ప్రకారం 30కి బ్యాటరీ, 87కి లైట్లు, 86కి స్విచ్, 85కి ఎర్త్. హై, లో బీములకు చెరొక రిలే. బ్యాటరీ వెనక, లైట్లు ముందు, దూరం ఎక్కువ కాబట్టి 4 చదరపు మి.మీ. వైరు వేయండి. 20 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. ముందు వైపు పెడితే మధ్యలో వైరంతా రక్షణ లేకుండా పోతుంది.

3. బ్రేకులు

పైపు మధ్యలో కోసి కంప్రెషన్ ఫిట్టింగుతో (నట్టు బిగించి పైపులు కలిపే జాయింటుతో) కలిపి ఉంటే పైపే మార్చాలి. రబ్బరు గొట్టాలూ మార్చి, డాట్ 4 రకం బ్రేకు ద్రవం పోసి గాలి తీయండి.

4. మరలు చెడిన స్టడ్లు

ఇంజను అడుగున ఆయిల్ వడగట్టే స్ట్రెయినర్ ప్లేటుకున్న 6 నట్లకు 7 న్యూటన్ మీటర్లు చాలు. కారుతోందని ఇంకా బిగించినవాడి వల్లే స్టడ్డు (రెండు కొసలా మరలున్న కడ్డీ) మెత్తని ఇంజను కేసులోంచి మరతో సహా ఊడుతుంది. మీరూ బిగించకండి. ఊడిన చోట కేసు వైపు లావుగా, నట్టు వైపు 6 మి.మీ. ఉండే స్టెప్ స్టడ్డు వేసి, గాస్కెట్లు, రాగి వాషర్లు కొత్తవి పెట్టండి. స్పార్క్ ప్లగ్గు మర చెడితే 14×1.25 మి.మీ. ఇన్సర్ట్ (కొత్త మర ఉన్న లోహపు తొడుగు) వేయండి.

5. పుట్టీ కింది తుప్పు

అయస్కాంతానికి గుడ్డ చుట్టి బాడీ మీద జరపండి. పట్టు సడలిన చోట పుట్టీ మందంగా ఉన్నట్టు. రివెట్ కొట్టిన రేకులు తీసేయాల్సిందే, రెండు రేకుల మధ్య నీరు నిలిచి కింది రేకును తినేస్తుంది. తలుపుల కింది బాక్సు కోసేముందు తలుపు సందులో అడ్డంగా ఇనుప బద్ద వెల్డ్ చేయండి, లేదంటే బండి కుంగి తలుపు పట్టదు. బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు బయటపెట్టి, మంటలార్పే సిలిండరు దగ్గరుంచుకుని, 1 మి.మీ. రేకును చుక్కలు చుక్కలుగా, ఎదురెదురు మూలల్లో వెల్డ్ చేయండి. ఒకే గీతగా లాగితే రేకు వంకరపోతుంది. పెయింటు ఆరాక బాక్సు లోపలికి మైనం కొట్టండి. అడుగున నీరు పోయే రంధ్రాలు మైనంతో పూడకుండా చూసుకోండి.