పాత అంబాసిడర్ మీటర్ బోర్డు బాగుచేసుకోవడం ఎలా?

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇంజిన్ పనికి ఇప్పటికీ ఎవరో ఒక మెకానిక్ దొరుకుతాడు గానీ, మీటర్ బోర్డు దగ్గరికొచ్చేసరికి "పోయింది సార్, వేరేది వేసేద్దాం" అంటారు. అప్పుడే ఒప్పుకోకండి. చాలాసార్లు పోయేది మీటర్ కాదు, దానిదాకా వచ్చే వైరో, ఎర్తో (కారు బాడీకి కలిపే కనెక్షన్), కేబులో.

విప్పకముందే

తాళం ఆన్ చేసి ఏ ముల్లు కదలట్లేదో, ఏ లైటు వెలగట్లేదో కాగితం మీద రాసుకోండి. సగం పని ఇక్కడే తేలిపోతుంది.

తాళం తిప్పగానే ముల్లు టక్కున కాకుండా మెల్లగా పైకి లేచే రకమైతే, ఆ గేజ్‌లకు బ్యాటరీ కరెంటు నేరుగా వెళ్లదు. మధ్యలో వోల్టేజ్ స్టెబిలైజర్ అనే చిన్న డబ్బా ఉంటుంది, అది సుమారు 10 వోల్టులే పంపిస్తుంది. దాని ఎర్త్ వదులైతే మొత్తం 12 వోల్టులూ పోతాయి, పెట్రోల్, టెంపరేచర్ ముళ్లు రెండూ ఒకేసారి ఎక్కువ చూపిస్తాయి. ఎర్త్ దగ్గర తుప్పు గీకి బిగించి చూడండి. డబ్బాయే పాడైతే, అదే 10 వోల్టులు ఇచ్చే 7810 అనే మూడు కాళ్ల ఐసీ పెట్టుకోవచ్చు. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ లాంటి చోట సులువుగా దొరుకుతుంది. అయితే బ్యాటరీ నెగటివ్ వైపు ఎర్త్ అయిన కార్లకే అది పనికొస్తుంది.

పెట్రోల్ ముల్లు ఒక్కటే మొరాయిస్తే, ట్యాంకు నుంచి వచ్చే వైరును గేజ్ వెనక ఊడదీసి, గేజ్ మీది ఆ టెర్మినల్‌ను ఒక్క క్షణం ఎర్త్‌కు తాకించండి. ముల్లు కదలగానే తీసేయండి. కదిలిందంటే గేజ్ బాగానే ఉంది, తప్పు వైరుదో, ట్యాంకులో పెట్రోల్ మట్టం చూసే ఫ్లోటుదో. ఈ పరీక్ష ట్యాంకు దగ్గర మాత్రం చేయొద్దు, పెట్రోల్ ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు.

బయటికి తీయడం

పరీక్షలు అయ్యాక, బ్యాటరీ టెర్మినల్ ఊడదీశాకే విప్పడం మొదలుపెట్టండి. ప్రతి వైరుకూ టేపు చుట్టి నంబరు రాయండి, ఫోటోలు తీసుకోండి. వైరింగ్ పటంలో రంగులు ఉంటాయి కదా అనుకోవద్దు. ఇన్నేళ్లలో ఎంతమంది ఎలక్ట్రీషియన్లు చేతిలో ఉన్న రంగు వైరు కలిపేశారో ఎవరికి తెలుసు?

స్పీడోమీటర్ కేబుల్ నట్టును చేత్తోనే తిప్పి తీయాలి, లాగకూడదు. ముల్లు వణుకుతూ ఉంటే దోషం సాధారణంగా ఈ కేబుల్‌దే. లోపలి తీగను బయటికి లాగి, కిరోసిన్‌తో తుడిచి, ఎక్కడైనా మెలిక పడిందేమో బల్ల మీద దొర్లించి చూడండి. మెలిక ఉంటే మార్చడమే. గ్రీజు పల్చగా రాయండి, మీటర్ వైపు చివర ఒక జానెడు వదిలేయండి. అక్కడిదాకా రాస్తే గ్రీజు తీగతో పాటు పైకి ఎక్కి మీటర్లోకి పోతుంది.

పోతే ఏమవుతుంది? స్పీడోమీటర్లో కేబుల్‌తో తిరిగేది ఒక అయస్కాంతం. ముల్లుకు ఉన్నది పల్చటి అల్యూమినియం గిన్నె. రెండూ తాకవు. అయస్కాంతం తిరిగే కొద్దీ గిన్నెలో పుట్టే కరెంటు దాన్ని వెంట లాగుతుంది, సన్నటి స్ప్రింగు వెనక్కి పట్టుకుంటుంది. ఆ సందులో గ్రీజు చేరితే బండి 20లో వెళ్తున్నా ముల్లు ఆ చివరకి కొట్టుకుంటుంది.

డయల్ దగ్గర జాగ్రత్త

గాజు చుట్టూ ఉన్న క్రోమ్ రింగును కొన్ని మీటర్లకు కాస్త తిప్పితే గాడిలోంచి వచ్చేస్తుంది. తుప్పు పట్టి రాకపోతే రస్ట్ స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. స్క్రూడ్రైవర్ దూర్చారా, గాజు పలిగినట్టే.

గాజును సబ్బునీళ్లతో కడగండి. డయల్‌ను మాత్రం మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి వదిలేయండి. పెట్రోల్, థిన్నర్, గ్లాస్ క్లీనర్ ఏవీ వద్దు. నేను మొదటిసారి తడి దూదితో గట్టిగా రుద్దితే 40లోని సున్నాలో సగం దూదికి అంటుకుని వచ్చేసింది. ఆ అర్ధచంద్రాన్ని ఇప్పటికీ నా కారులో చూడొచ్చు. పాలిపోయిన అంకె ఉన్నా ఫర్వాలేదు, లేని అంకె కన్నా నయం. ముల్లును పీకొద్దు, దాని వెనకే ఆ సన్నటి స్ప్రింగు ఉంది.

లైట్లు

వెలుతురు మందంగా ఉంటే బల్బు మార్చేముందు మీటర్ డబ్బా లోపలి తెల్ల రంగు చూడండి. అది పసుపెక్కి ఉంటే మళ్లీ తెల్ల పెయింట్ వేస్తే చాలు. హోల్డర్లను ఎమెరీ పేపర్‌తో గీకండి. ఎల్ఈడీలు పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకోండి గానీ, బ్యాటరీని ఛార్జ్ చేసే పాత డైనమో తీసేసి దాని బదులు ఆల్టర్నేటర్ వేయించిన కారైతే ఎర్ర ఛార్జింగ్ లైటుకు పాత రకం బల్బే ఉంచండి. చాలా ఆల్టర్నేటర్లు ఛార్జింగ్ మొదలుపెట్టడానికి ఆ బల్బు గుండా వచ్చే కరెంటే ఆధారం.

బిగించే ముందు బల్ల మీదే, ఫ్యూజు పెట్టిన వైరుతో 12 వోల్టుల బ్యాటరీకి కలిపి లైట్లన్నీ వెలిగించి చూసుకోండి. గేజ్‌లను మాత్రం స్టెబిలైజర్ లేకుండా కలపొద్దు, కాలిపోవచ్చు. కారులో పెట్టాక పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని, వాళ్ల ఫోన్ జీపీఎస్ వేగంతో పోల్చండి. నాది 40 దగ్గర 44 చూపిస్తుంది. అలాగే వదిలేశాను.