అన్‌బౌండ్ 200: దారి మధ్యలో టైరు కోసుకుపోతే

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, ఎంపోరియా అనే చిన్న ఊరి నుంచి బయల్దేరి ఫ్లింట్ హిల్స్ కొండలు చుట్టొచ్చే సైకిల్ రేసు అన్‌బౌండ్ గ్రావెల్. 2006లో మొదలైంది. ఇందులో పేరుమోసింది 200 మైళ్ళది, అంటే దాదాపు 320 కిలోమీటర్లు. ఆ మట్టిదారుల నిండా చెకుముకి రాళ్ళే. పగిలిన చోట వాటి అంచు బ్లేడులా ఉంటుంది, టైరు పక్కగోడను చీరేస్తుంది. మీ బృందం చెక్‌పాయింట్ల దగ్గరే సాయం చేయాలి. మధ్యలో ఏం జరిగినా మీ దగ్గరున్న సామానుతోనే గట్టెక్కాలి.

బుస్సుమన్న శబ్దం వినగానే ఆగండి. "ఇంకో నిమిషం చూద్దాం" అని తొక్కితే ఉన్న సీలెంట్ (ట్యూబు లేని, అంటే ట్యూబ్‌లెస్ టైరులో చిల్లులు మూయడానికి పోసే ద్రవం) అంతా చిమ్మిపోతుంది, రిమ్ము కూడా దెబ్బతింటుంది. చక్రం తిప్పి చిల్లును కిందికి తెచ్చి అర నిమిషం ఉంచండి. 3 మిల్లీమీటర్ల లోపు చిల్లయితే సీలెంట్ దానంతటదే మూసేస్తుంది. అంతకంటే పెద్దదై, నేలకు ఆనే భాగంలో ఉంటే ప్లగ్ (చిల్లులో దూర్చే జిగురు రబ్బరు పట్టీ) గుచ్చండి. ఒక సెంటీమీటరు తోక బయట వదలాలి, మొత్తం లోపలికి తోసేస్తే నిలవదు. ఒకటి చాలకపోతే రెండోది పక్కనే గుచ్చండి.

పక్కగోడ చీలితే మాత్రం ప్లగ్‌తో కాలయాపన వద్దు. అక్కడ రబ్బరు పలచన, ప్లగ్‌కు పట్టు దొరకదు. అక్కడైతే నేరుగా, నేలకు ఆనే భాగంలోనైతే రెండు ప్లగ్‌లు నిలవకపోతే వెంటనే, ట్యూబుకు దిగండి. చాలామంది అరగంట పోగొట్టుకునేది ఇక్కడే: నాలుగు ప్లగ్‌లు, టైరు నింపే చిన్న గ్యాస్ సిలిండర్లు మూడు ఖర్చయ్యాక ఎలాగూ ట్యూబే వేస్తారు, అప్పటికి గాలి నింపడానికి ఏమీ మిగలదు.

ట్యూబు వేసేముందు ట్యూబ్‌లెస్ వాల్వు నట్టు విప్పి, ఆ వాల్వును తీసేయండి. చేత్తో బిగించిన నట్టయితేనే దారిలో చేత్తో ఊడుతుంది. పట్టకారుతో బిగించి రావద్దు. తర్వాత టైరు లోపలంతా వేళ్ళతో మెల్లగా తడమండి. సీలెంట్ మూసేసిన పాత ముళ్ళు, రాతి ముక్కలు అక్కడే గుచ్చుకుని ఉంటాయి. ట్యూబ్‌లెస్‌గా ఉన్నప్పుడు అవి ఏమీ చేయలేదు, కొత్త ట్యూబును మాత్రం పది నిమిషాల్లో పంక్చరు చేస్తాయి.

చీలికకు లోపలివైపు బూటు (చీలికను కప్పే గట్టి ముక్క) పెట్టాలి. కొన్నదే కానక్కర్లేదు, పాత టైరు పక్కగోడ నుంచి 3 × 5 సెంటీమీటర్ల ముక్క కోసి సీటు కింది సంచిలో వేసుకుంటే దానికంటే మంచిది లేదు. చీలిక కంటే అన్ని వైపులా కనీసం సెంటీమీటరు ఎక్కువుండాలి. ట్యూబులో కాస్త గాలి ఊది, మడతలు లేకుండా అమర్చి, టైరును రిమ్ములోకి ఎక్కించడం వాల్వుకు ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించండి. చివర్లో వాల్వును ఒకసారి లోపలికి నొక్కి వదిలితే ట్యూబు టైరు అంచు కింద నలగదు.

16 గ్రాముల సిలిండర్ ఒకటి 40 మిల్లీమీటర్ల టైరును ఇంచుమించు 45 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా నింపుతుంది. ట్యూబ్‌లెస్‌లో 30–32తో తొక్కేవాళ్ళు ఇప్పుడు 36–38 ఉంచుకోవాలి, లేకపోతే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ రాతికీ మధ్య నలిగి పాముకాటులా రెండు చిల్లులు పడతాయి. బూటు ఉన్నచోట టైరు ఉబ్బుతుంటే 3–4 పీఎస్ఐ తగ్గించండి. సిలిండర్లు ఎన్ని ఉన్నా చేతిపంపు తప్పనిసరి.

బురద సంగతి వేరు. 2023లో రేసు మొదట్లోనే బంకమన్ను ఎంతోమంది డిరేలర్లను (చైనును ఒక గేరు నుంచి ఇంకోదానికి మార్చే వెనక భాగం) విరగ్గొట్టింది. గడ్డి, మన్ను కలిసి డిరేలర్ చిన్నచక్రాల్లో కూరుకుంటే చైను కదలదు. అయినా పెడలు తొక్కితే ఆ బలానికి డిరేలర్ వెనక్కి లేచి చువ్వల్లో పడుతుంది, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ తెగుతుంది. చక్రం బరువెక్కిందనిపించగానే దిగి, గడ్డి మీదుగా సైకిల్ మోసుకుపోండి. పెయింటు కలిపే చెక్కపుల్ల ఒకటి జేబులో ఉంటే ఫోర్కులో మన్ను గీకడానికి పనికొస్తుంది. విడి హ్యాంగర్ ఒకటి, మీ ఫ్రేముకు సరిపోయేదే తెచ్చుకోండి. డిరేలరే విరిగితే చైను కత్తిరించి, వెనక మధ్య పళ్ళచక్రాల్లో చైను తిన్నగా నడిచే చోట ఒకే గేరుగా కలపండి. చైనుకు సరిపడే క్విక్ లింకులు (తెగిన చైనును కలిపే లింకులు) రెండు ఉండాలి. అటుపైన మెత్తగా తొక్కండి, గట్టిగా తొక్కితే చైను పక్కనున్న పెద్ద పళ్ళచక్రం మీదికి ఎక్కి బిగుసుకుంటుంది.

రిపేరు అయ్యాక చేసే తప్పే అసలు రేసును చెడగొడుతుంది. 40 నిమిషాలు పోయాయి, ఇంకా 200 కిలోమీటర్లుంది, మీ వేగం గంటకు 24 అనుకుందాం. ఆ 40 నిమిషాలూ రాబట్టాలంటే చివరిదాకా గంటకు 26కు పైగా తొక్కాలి, అంటే దాదాపు 15–20 శాతం ఎక్కువ పవరు. కాన్సస్ ఎండలో, వంద కిలోమీటర్లు దాటిన కాళ్ళతో అది ఎనిమిది గంటలు సాగేది కాదు. మొదటి అరగంట మామూలు కంటే నెమ్మదిగా తొక్కండి. రిపేరు చేస్తుండగా తినడం మరిచిపోయి ఉంటారు, కానీ ఒక్కసారిగా మూడు జెల్‌లు (శక్తినిచ్చే తీపి గుజ్జు పొట్లాలు) మింగితే కడుపు తిప్పేస్తుంది. గంటకు 60–90 గ్రాముల కార్బోహైడ్రేట్లు, అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్ళు అన్న లెక్కకే తిరిగి రండి. మీ వేగంతో తొక్కే గుంపు వెనకనుంచి వస్తే అందులో కలవండి, ఎదురుగాలిలో ఒంటరిగా తొక్కి సంపాదించేదేమీ లేదు.

చెక్‌పాయింట్‌లో మొదటి పని, వాడేసిన ట్యూబులు, సిలిండర్ల బదులు కొత్తవి సంచిలో వేసుకోవడం. బూటు ఉబ్బకపోతే టైరు మార్చకండి. జూన్ మొదట్లో అక్కడ సూర్యాస్తమయం రాత్రి 8:45 ప్రాంతంలో. పోయిన సమయం కలుపుకుంటే చీకటి పడేలా ఉంటే లైటు అక్కడే బిగించుకోండి, తర్వాతి చెక్‌పాయింట్ దాకా ఆగకండి.