పట్టపగలు నుంచి మస్తు మంది దాకా: మాట ముందు బలం ఎలా పెట్టాలి

శీర్షిక రాసినా, ప్రకటన రాసినా చెయ్యి ముందు ‘అత్యంత’ మీదికే పోతుంది. అది ఏ మాటకైనా అతుకుతుంది కాబట్టే చాలాచోట్ల చప్పగా ఉంటుంది. ముందు ఆ మాటకు సొంత జత ఉందేమో వెతకండి.

మొదట ‘ట్ట’ జట్టు. పగలు, చివర, మొదట, నడుమ, బయలు, తుద, కొన లాంటి మాటల్ని రెండుసార్లు పలికినప్పుడు, ముందుదాంట్లో తొలి అక్షరం మిగిలి తక్కినదంతా ‘ట్ట’ అవుతుంది: పగలు పగలు కాస్తా పట్టపగలు, చివర చివర చిట్టచివర. బడిలో ద్విరుక్త టకారాదేశ సంధి అని బట్టీ పట్టింది ఇదే. తొలి అక్షరం గుణింతం మారదు: మొట్టమొదట, తుట్టతుద. మిట్టమధ్యాహ్నంలో మాత్రం ‘మ’ కాస్తా ‘మి’ అయింది, దాన్ని విడిగా గుర్తుంచుకోవాలి. కొత్తవి పుట్టించబోతే మాత్రం నవ్వులపాలే. రాత్రికి ఈ రూపం లేదు. నడిరాత్రి, అర్ధరాత్రి అనాలి. ‘పట్ట పగలు’ అని విడదీయకండి. ‘సరిగ్గా నట్టనడుమ’లో సరిగ్గా కొట్టేయండి.

ఇక సొంత అర్థం ఉన్నవి. ‘పచ్చి’లో దాపరికం ఉండదు: పచ్చి అబద్ధం, పచ్చి మోసం, పచ్చి నిజం కూడా. ‘కటిక’ లేమికి, కాఠిన్యానికి: కటిక చీకటి, కటిక పేదరికం. కటిక సంపద అనరు. ‘పెను’ తుఫానుకు, ప్రమాదానికి, భారానికి. శుభవార్తకు అంతగా నప్పదు. ‘నిండు’ ఎక్కువగా మంచికే: నిండు నూరేళ్లు, నిండు గర్భిణి. ప్రమాద వార్తలో ‘నిండు ప్రాణం’ అని చదివితే మనసు చివుక్కుమనేది అందుకే.

‘మహా’తో జాగ్రత్త. మహాసభ, మహానగరం అన్నప్పుడు పెంచుతుంది. ‘మహా అయితే ఇరవై రూపాయలు’ అంటే తగ్గించినట్టే. ‘మహా చెప్పొచ్చావులే’ అంటే శుద్ధ ఎత్తిపొడుపు.

ఫ్యాషన్లు మారిపోతుంటాయి. ‘యమ స్పీడు’ కాస్త పాతబడింది, ‘పరమ బోరు’ ఇంకా నడుస్తోంది. ‘వీర’ పక్కన వెటకారం పొంచి ఉంటుంది. సన్మానపత్రంలో వీరాభిమాని పర్లేదు గానీ, ‘వీర లెవెల్’ వద్దు.

హైదరాబాద్‌లో మస్తు, ఫుల్, ఏక్‌దమ్ లేకుండా మాట సాగదు. మస్తు లెక్కకూ పనికొస్తుంది, గుణానికీ పనికొస్తుంది: మస్తు మంది, బిర్యానీ మస్తుగుంది. ఏక్‌దమ్ వెనక ఎక్కువగా గుణం చెప్పే మాట ఉంటుంది: ఏక్‌దమ్ కొత్తది, ఏక్‌దమ్ సాఫ్. ఫుల్ ట్రాఫిక్‌కూ సరే, ఖుషీకీ సరే. సంభాషణ రాసేటప్పుడు మస్తు ఒక్కటే తెచ్చి అతికిస్తే యాస రాదు, క్రియ కూడా కలిసిరావాలి: ‘మస్తు మంది విచ్చేశారు’ కాదు, ‘మస్తు మంది వచ్చిండ్రు’.