తొక్కితే కదిలే బొమ్మ కారు: పాత చెప్పు, డబ్బా మూతతో రిమోట్ ఎలా చేయాలి?

బొమ్మ కారు రిమోట్‌లో మనకి కావలసినదంతా ఉంది, ఒక్క సరదా తప్ప. అందుకని లోపలి సర్క్యూట్‌ని అలాగే ఉంచి బటన్ల పని మాత్రం స్టీరింగుకీ పెడలుకీ అప్పగిద్దాం. కోడింగ్ అక్కర్లేదు.

ముందు సరైన రిమోట్ ఎంచుకోండి. ముందుకి, వెనక్కి, కుడి, ఎడమ అని నాలుగు బటన్లుండే చవక రకమే మేలు. కొద్దిగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే జోరుగా పోయే ఖరీదు రకాల్లో బటన్ల బదులు తిప్పుడు రెసిస్టర్లుంటాయి. వాటికి ఈ పద్ధతి పనికిరాదు.

బ్యాటరీలు తీసి, స్క్రూలు విప్పి బోర్డు బయటికి తీయండి. ఒక్కో బటన్ కింద రెండు రాగి గుర్తులుంటాయి, బటన్ నొక్కితే ఆ రెండూ కలుస్తాయి. అంతే దాని పని. మల్టీమీటరుని బీప్ మీద (రెండు చోట్లు కలిసుంటే కూసే సెట్టింగ్) పెట్టి వెతికితే చాలా బోర్డుల్లో నాలుగు బటన్లకీ ఒక కొస ఉమ్మడిగా ఉందని తెలుస్తుంది. అలాగుంటే అయిదు వైర్లు చాలు, లేకపోతే బటన్‌కి రెండు చొప్పున తీయాలి.

కాస్త ఓపిక కావలసింది సోల్డరింగ్ దగ్గరే, అంటే సీసం కరిగించి వైర్లు అతికే చోట. బటన్ కింద నల్లటి కార్బన్ పూత ఉంటే సీసం దానికి అంటుకోదు. ఆ గుర్తు నుంచి బయల్దేరే సన్నటి గీత మీది ఆకుపచ్చ పూతని బ్లేడు మొనతో గోకి, మెరిసే రాగి కనిపించాక అక్కడ అతకండి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు, రెండు మూడు సెకన్లకి మించి ఆనించొద్దు. సన్నటి పోగులున్న మెత్తటి వైరు వాడండి. ఒంటి తీగ వైరు నాలుగుసార్లు వంగితే విరిగిపోతుంది. అతుకు మీద గ్లూ గన్ జిగురు చుక్క వేస్తే వైరు లాగినా గీత లేచి రాదు. వైర్లు మీటరులోపు ఉండాలి, యాంటెన్నాకి దూరంగా పోవాలి.

ఇప్పుడు స్టీరింగు. స్టీలు డబ్బా మూత మధ్యలో బోల్టుని నట్టుతో గట్టిగా బిగించి, నిలబెట్టిన ప్లైవుడ్ ముక్కలో దూర్చండి. అట్టపెట్టె పిల్లల ఊపుకి ఆగదు. ప్లైవుడ్ వెనక బోల్టుకి ప్లాస్టిక్ స్కేలు ముక్కని కిందికి వేలాడేలా రెండు నట్ల మధ్య బిగించండి. దానికి అటూ ఇటూ లివరున్న మైక్రో స్విచ్చులు (కొద్దిగా తగిలినా టిక్కుమనే చిన్న స్విచ్చులు) ఒక్కొక్కటి. వెనక నుంచి చూస్తే కుడిపక్కనున్న స్విచ్చే కుడి మలుపుది. నమ్మబుద్ధి కాకపోతే ఓసారి తిప్పి చూసుకోండి. స్విచ్చుకుండే మూడు కాళ్ళలో కామన్, ఎన్‌ఓ (నొక్కినప్పుడే కామన్‌తో కలిసేది) అన్నవాటికే వైర్లు కలపాలి. ఎన్‌సీకి (నొక్కకపోయినా కలిసుండేది) కలిపితే ఆన్ చేయగానే చక్రాలు ఓ పక్కకి తిరిగిపోయి ఉంటాయి. స్కేలుకి రెండు వైపులా రబ్బరు బ్యాండ్లు కడితే చెయ్యి వదలగానే స్టీరింగు నిటారుకి వస్తుంది.

పెడలుకి పాత హవాయి చెప్పు. దాన్ని చెక్క మీద అతికించి, చెక్క కింద నడుమన లావుపాటి పెన్సిల్ పెట్టండి. ఇక అది ఉయ్యాలబల్ల. మునివేళ్ళతో నొక్కితే ముందుకి, మడమతో నొక్కితే వెనక్కి. రెండు పెడళ్ళు పెట్టొచ్చు కదా అంటారేమో, పిల్లలు రెండూ ఒకేసారి తొక్కుతారు! ఇందులో ఆ వీలే లేదు. చెక్క అడుగున రెండు కొసలకీ అల్యూమినియం ఫాయిల్ అంటించి రెండింటినీ ఉమ్మడి వైరుకి కలపండి. కింది పలకమీద వాటికి ఎదురుగా రెండు ఫాయిల్ ఉండలు, ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. ఉండ చుట్టూ నడుమ రంధ్రం చేసిన స్పాంజి ముక్క ఉంటే తొక్కినప్పుడే తగులుతుంది. ఫాయిల్‌కి సోల్డర్ పట్టదు కాబట్టి వైరు పోగులు విప్పి, ఫాయిల్‌లో మడిచి స్టేపుల్ కొట్టండి.

హారన్ లేని బండి మనకి బండే కాదు కాబట్టి ఒక బజరూ, స్విచ్చూ విడిగా దాని సొంత బ్యాటరీతో పెట్టుకోవచ్చు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి ఈ చిల్లర సామానంతా కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది.

వైర్లని నేరుగా అతికే బదులు 3.5 ఎం.ఎం. సాకెట్లు (ఇయర్‌ఫోన్ పిన్ను పట్టే రకం) పెడితే ఇంకా మంచిది. వైకల్యమున్నవాళ్ళు వీడియో గేములాడేందుకు మైక్రోసాఫ్ట్ 2018లో తెచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌కీ స్విచ్చులు తగిలించడానికి అదే సైజు సాకెట్లున్నాయి. వేళ్ళలో బలం లేని పిల్లలు ఇంటికొస్తే చెప్పు పెడలు పీకేసి, అరచేత్తో నొక్కే పెద్ద బటన్లు తగిలించి ఇదే కారు వాళ్ళ చేతికివ్వొచ్చు.