పంటి పల్ప్ (పన్ను లోపలి మెత్తని కణజాలం) మూలకణాలపై డెంటల్ మెటీరియల్ పరీక్షించే ముందు జాగ్రత్తలు

- జ్ఞానదంతం ఇచ్చిన పేషెంట్ సంతకం, ఎథిక్స్ కమిటీ అనుమతి రెండూ చేతికి వచ్చాకే మొదలుపెట్టండి.

- తీసిన పన్ను ఎండిపోకూడదు. యాంటీబయాటిక్ కలిపిన చల్లని మీడియంలో (కణాలకు పోషకాలిచ్చే ద్రవం) వెంటనే ల్యాబ్‌కు చేర్చండి.

- మైకోప్లాస్మా (కణాలకు సోకే అతి చిన్న బ్యాక్టీరియా) పరీక్ష వాయిదా వేయొద్దు. అది సోకిన కణాలు మైక్రోస్కోప్ కింద ఆరోగ్యంగానే కనిపిస్తాయి, నెలల శ్రమ మాత్రం వృథా అవుతుంది.

- ఎంటీఏ, బయోడెంటిన్ లాంటి దంత సిమెంట్లు తడిలో పీహెచ్‌ను 12 దగ్గరికి తీసుకెళ్తాయి. వెల్‌లో (కణాలు పెంచే ప్లేటులోని చిన్న గుంట) ఎర్రగా ఉన్న మీడియం ముదురు గులాబీకి తిరిగిందంటే క్షారం పెరిగినట్టే. అప్పుడు కణాలు చనిపోతే మెటీరియల్ విషమని తేల్చేయకండి. సిమెంట్ ఎంతసేపు గట్టిపడిందో రాసుకోండి, ఎక్స్‌ట్రాక్ట్‌ను (సిమెంట్ నానబెట్టిన మీడియం) పలచన చేసి కూడా చూడండి. కణాలపై విషప్రభావ పరీక్షల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10993-5 ప్రకారం కణాల జీవశక్తి 30 శాతానికి మించి తగ్గితేనే విషప్రభావం కింద లెక్క.

- కణాలు లేని వెల్‌లో కూడా మెటీరియల్ పెట్టండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. కాల్షియాన్ని ఎర్రగా చూపే అలిజారిన్ రెడ్ అనే రంగు సిమెంట్‌లోని కాల్షియానికీ అంటుకుంటుంది. ఆ ఎరుపు చూసి కణాలు డెంటిన్ (పంటి గట్టి పదార్థం) కట్టాయని సంబరపడతాం.

- కళ్లద్దాలు, గ్లోవ్స్ మర్చిపోవద్దు.